కమానును చేత్తో కట్టి నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు కమాను కట్టడాలను నమూనాలతో నేర్పుతున్న ఇన్నేళ్లలో బ్యాచ్‌లు మారాయి కానీ ప్రశ్నలు మారలేదు. విద్యార్థులూ, కొత్తగా ఈ తరగతి చేపట్టే అధ్యాపకులూ అవే సందేహాలు అడుగుతుంటారు. వాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పోగుచేశాను. పని సాగే వరుసలో విభజించాను గానీ ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి. మీరు ఏ దశలో ఉంటే అక్కడి నుంచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

లెక్కలన్నీ స్ట్రక్చరల్ ఇంజినీరు చూసుకుంటారు కదా, మాకెందుకు ఇదంతా?

ఇంజినీరు చేతికి వెళ్లేసరికి కమాను ఆకారాన్ని మీరు గీసేసి ఉంటారు. స్పాన్ (రెండు పాదాల మధ్య దూరం) ఎంత, ఎత్తు ఎంత, పాదాల దగ్గర గోడ ఎంత మందం అన్నవి మొదటి స్కెచ్‌లోనే తేలిపోతాయి. కమాను బలం దాని ఆకారంలో ఉంటుంది. ఆకారం తప్పితే ఆ తర్వాత చేసే పనంతా ఆ తప్పును ఇనుముతో, కాంక్రీటుతో మోయించడమే. స్విట్జర్లాండ్‌లో ఇంజినీరు రాబర్ట్ మైయార్ రూపొందించిన సల్గినాటోబెల్ వంతెన (1930, స్పాన్ 90 మీటర్లు) ఫోటో చూడండి. నెత్తిన, రెండు పాదాల దగ్గర సన్నగా ఉండి, వాటి మధ్య లావెక్కుతుంది. సన్నగా ఉన్న మూడు చోట్లా కీళ్లున్నాయి, అంటే కమాను కొద్దిగా తిరగగలిగే చోట్లు. బలాలు ఎలా నడుస్తాయో తెలిసిన చెయ్యి గీసిన రూపం అది. ఆ తెలివిడి చేతికి రావాలంటే ఒక్కసారైనా కమానును నిలబెట్టి, కూల్చి చూడాలి.

గణితం చెప్పకుండా నేరుగా నమూనాతో మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టవచ్చు. నా అనుభవంలో అదే మంచిది. మొదటి పది నిమిషాలకు ఏ సామగ్రీ అక్కర్లేదు. ఇద్దరు విద్యార్థులను ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి, ఒకరిమీద ఒకరు వాలుతూ కాళ్లు వెనక్కి జరపమనండి. ఒక హద్దు దాటాక బూట్లు నేలమీద జారడం మొదలవుతుంది. అప్పుడు మరో ఇద్దరిని వాళ్ల మడమల వెనక పాదాలు అడ్డుపెట్టమనండి. వాలినవాళ్లు కుదుటపడతారు, అడ్డుపెట్టినవాళ్ల కాళ్లకు నెట్టుడు తెలుస్తుంది. కమాను కిందికి బరువు దించడమే కాదు, పక్కలకు తోస్తుంది కూడా. ఈ ఒక్క విషయం శరీరానికి తెలిశాక బోర్డు మీద రాసే సూత్రం పరాయిదిగా అనిపించదు.

ఎన్ని రోజులు పడుతుంది? జట్టులో ఎంతమంది ఉండాలి?

బల్లమీద నిలిచే 40–60 సెంటీమీటర్ల కమానుకు మూడు పూటలు చాలు. ఆకారం, కొలతలు ఒక పూట, రాళ్ల తయారీ ఒక పూట, నిలబెట్టడం, కూల్చడం ఒక పూట. ప్లాస్టర్‌తో పోత పోస్తే అది ఆరడానికి అదనపు సమయం కావాలి. జట్టుకు నలుగురు. అంతకు మించితే ఒకరిద్దరు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోతారు.

ఈ కాలంలో రాతి కమాను ఎవరు కడతారు? కాంక్రీటు ఉంది కదా?

2016లో వెనిస్ ఆర్కిటెక్చర్ బినాలే ప్రదర్శనలో జ్యూరిక్‌కు చెందిన బ్లాక్ రీసెర్చ్ గ్రూప్ బృందం 399 సున్నపురాయి ముక్కలతో ఒక వాల్ట్ (కమానులా వంగిన కప్పు) నిలబెట్టింది. పేరు ఆర్మడిల్లో వాల్ట్. రాళ్ల మధ్య సిమెంటు లేదు, జిగురు లేదు. కొన్ని చోట్ల మందం 5 సెంటీమీటర్లే. తక్కువ సామగ్రితో ఎక్కువ దూరం దాటడం ఎలా అన్న ప్రశ్న పాతబడేది కాదు. కాంక్రీటు వాడినా, కలప వాడినా ఆ ప్రశ్నకు ఆకారమే మొదటి జవాబు.

## ఆకారం ఎంచుకునేటప్పుడు

గొలుసు వేలాడదీసి తలకిందులు చేస్తే కమాను ఎలా అవుతుంది?

గొలుసులోని ఏ లంకె కూడా నొక్కుడును భరించలేదు, లాగుడును మాత్రమే మోస్తుంది. కాబట్టి వేలాడదీసిన గొలుసు, తనలో లాగుడు తప్ప మరొకటి లేని ఆకారాన్ని తానే వెతుక్కుంటుంది. ఆ ఆకారాన్ని తిరగేస్తే బలాల దిశలన్నీ తిరగబడతాయి. లాగుడు ఉన్న ప్రతిచోటా నొక్కుడు వస్తుంది. రాయికి కావలసింది అదే.

ఈ సంగతిని ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లో అక్షరాలు తారుమారు చేసిన లాటిన్ పొడుపుమాటగా అచ్చువేశాడు. దాన్ని విప్పిన పాఠం ఆయన చనిపోయాక 1705లో బయటికి వచ్చింది. వంగే తీగ ఎలా వేలాడుతుందో, తిరగేసిన గట్టి కమాను అలాగే నిలుస్తుందన్నది దాని భావం.

తరగతిలో చేయాల్సింది ఇంతే. గోడకు గళ్ల కాగితం అంటించి, సన్నని పూసల గొలుసును రెండు మేకులకు వేలాడదీసి, కాగితం మీద చుక్కలు పెట్టుకోండి. కాగితాన్ని తలకిందులు చేస్తే మీ కమాను మధ్యరేఖ సిద్ధం. గొలుసు దారానికి వేలాడే బొమ్మలా ఊగకుండా పూర్తిగా ఆగాకే చుక్కలు పెట్టండి. తొందరపడితే ఒక భుజం (నెత్తికీ పాదానికీ మధ్య భాగం) ఎత్తుగా వస్తుంది.

గొలుసు వంపు అంటే పారాబొలా కదా?

కాదు, దగ్గరగా ఉంటుంది. గొలుసు తన సొంత బరువుతోనే వేలాడితే వచ్చేది కేటనరీ. దాని సమీకరణాన్ని 1691లో లైబ్‌నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ కనిపెట్టారు. గొలుసు బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ బరువును అడ్డుకొలతన సమాన దూరాల్లో వేలాడదీస్తే పారాబొలా వస్తుంది. కమాను మీద సమతలంగా దారి మోపాలనుకుంటే రెండోదానికి దగ్గరగా ఉండాలి. అడుగున్నర లోతు వేలాడే గొలుసుతో రెండూ పక్కపక్కన గీయిస్తే తేడా కంటికే కనిపిస్తుంది. ఎత్తు తక్కువైన కమానుల్లో ఆ తేడా పెన్సిలు గీత మందంలో కలిసిపోతుంది.

అర్ధవృత్తమైతే కంపాస్‌తో గీసేయవచ్చు. అది చాలదా?

చాలుతుంది, కానీ మందం ఎక్కువ పెట్టాలి. బరువు నిజంగా దిగే దారి గొలుసు వంపులా ఉంటుంది. ఆ దారి అర్ధవృత్తపు రాళ్ల మందంలో ఎక్కడా బయటికి పోకుండా ఇమడాలి. నెత్తిన అది వెలుపలి అంచు వైపు, భుజాల దగ్గర లోపలి అంచు వైపు జరుగుతుంది. రోమన్లు అర్ధవృత్తాన్ని వాడి, భుజాల వెనక దండిగా రాయి నింపి ఈ లోటు తీర్చుకున్నారు. అర్ధవృత్తంలో మరో మేలుంది. రాళ్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, ఒకే అచ్చుతో పని అయిపోతుంది. మొదటి నమూనాకు నేను అర్ధవృత్తమే ఇస్తాను, రెండోదానికి గొలుసు ఆకారం.

కోసు కమాను పైన మొన ఉంటుంది. గొలుసులో మొన రాదు కదా, మరి అది ఎలా నిలుస్తుంది?

గొలుసు నడిమధ్యన ఒక బరువు తగిలించి చూడండి, మొన వస్తుంది. కోసు కమాను కోరుకునేది అదే, నెత్తిమీద కొంత బరువు. ఆ బరువు లేని పలచని కోసు కమానులో నెత్తి పైకి లేవడానికి చూస్తుంది. అదే స్పాన్‌కు ఎత్తు పెరుగుతుంది కాబట్టి పక్కలకు తోపు తగ్గడం దాని లాభం.

రాళ్లను ఒకదానికంటే ఒకటి ముందుకు జరుపుతూ రెండు వైపుల నుంచి పేర్చి కలిపితే కమానేనా?

చూపుకు కమానే, పనితీరులో కాదు. అతుకులన్నీ అడ్డంగా ఉంటాయి, ప్రతి రాయీ వెనక బరువు వల్ల బోర్లపడకుండా ఆగుతుంది. ఒక వైపు తీసేసినా రెండోది నిలవగలదు. అసలు కమానులో సగం తీస్తే మిగతా సగం నిలవదు. తేడా పట్టుబడటానికి నాలుగు చెక్క దిమ్మెల ఆట ఉంది. 24 సెంటీమీటర్ల పొడవున్న దిమ్మెలు తీసుకోండి. అన్నిటికంటే పైది దాని కింది దానికంటే 12, రెండోది మూడోదానికంటే 6, మూడోది నాలుగోదానికంటే 4, నాలుగోది బల్ల అంచుకంటే 3 సెంటీమీటర్లు ముందుకు రావచ్చు. మొత్తం 25. అంటే పై దిమ్మె పూర్తిగా బల్ల దాటి గాలిలో ఉంటుంది. ఇది అంచుమీది లెక్క కాబట్టి ఒక్కో చోట ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గించి పెట్టండి. నమ్మలేక బల్ల కింద తల పెట్టి చూసే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

## రాళ్లు తయారు చేసేటప్పుడు

ఏ పదార్థం వాడాలి? థర్మోకోల్ తేలిక కదా?

తేలికే దాని చిక్కు. కమాను తన బరువుతోనే బిగుసుకుంటుంది. థర్మోకోల్ రాళ్లకు ఆ బరువు లేక, మోచెయ్యి తగిలినా ఫ్యాను గాలి తగిలినా చెదిరిపోతాయి. బల్లమీది నమూనాకు గట్టి చెక్క గానీ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోత గానీ, సిమెంటు పోత గానీ మంచిది. మనిషి నడిచి వెళ్లేంత పెద్ద కమానుకు మాత్రం గట్టి ఫోమ్ దిమ్మెలే వాడండి, మీద పడినా గాయం కాదు. ఫోమ్‌ను వేడి తీగతో కోసేటప్పుడు పొగ వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి. ప్లాస్టర్ గట్టిపడుతున్నప్పుడు బాగా వేడెక్కుతుంది. అందులో చెయ్యి ముంచి అచ్చు తీయాలని ఎవరికైనా సరదా పుడితే వెంటనే ఆపండి, కాలిన గాయాలు తీవ్రంగా ఉంటాయి.

ఒక్కో రాయి కొలత ఎలా కట్టాలి?

అర్ధవృత్తాన్ని 15 రాళ్లుగా విభజిస్తే ఒక్కోదానికి 12 డిగ్రీలు. లోపలి వ్యాసార్ధం 20, వెలుపలి వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు అనుకోండి. రాయి లోపలి అంచు 4.18, వెలుపలి అంచు 5.23, మందం 5 సెంటీమీటర్లు. లోపలి, వెలుపలి అంచులు తిన్నగా ఉన్నా పరవాలేదు. పక్క ముఖాలు మాత్రం వృత్తకేంద్రం వైపు గురిచూస్తూ, చదునుగా ఉండాలి. అక్కడే జట్లు ఓడిపోతాయి. ఒక్కో రాయి అర మిల్లీమీటరు లావైతే 15 రాళ్లకు 7.5 మిల్లీమీటర్లు, చివరి రాయి దూరదు. గాజు పలక మీద గరుకు కాగితం అంటించి ప్రతి ముఖాన్నీ దాని మీద రుద్దండి. రెండు రాళ్లను కలిపి వెలుతురుకు ఎత్తి చూస్తే మధ్యలో గీతలా కాంతి కనిపించకూడదు.

రాళ్ల సంఖ్య బేసిగానే ఉండాలా?

అక్కర్లేదు. సరి సంఖ్య అయితే నడినెత్తిన రాయికి బదులు అతుకు వస్తుంది, కమాను నిలుస్తుంది. బేసి సంఖ్యకు అలవాటు పడింది కన్ను.

అసలు కమానును నిలబెట్టేది కీస్టోనే (నడినెత్తిన ఉండే రాయి) కదా?

అన్ని రాళ్లూ సమానమే. చివరగా పెట్టేది అదే కాబట్టి దానికి ఆ పేరు, ఆ గౌరవం. సెంట్రింగ్ (కట్టేటప్పుడు రాళ్లను కింది నుంచి మోసే తాత్కాలిక చట్రం) మీద నెత్తిరాయి ముందు పెట్టి, భుజం దగ్గరి రాయిని చివర్లో దూర్చి చూడండి. అప్పుడు నిలబెట్టిన ఘనత భుజం రాయికి వస్తుంది. ఏ రాయి తీసినా కూలుతుంది, ఏది పెట్టినా పూర్తవుతుంది. విద్యార్థులు దీన్ని వినగానే ఒప్పుకోరు, చేసి చూశాక మళ్లీ అడగరు.

రాళ్ల మధ్య కొంచెం జిగురు పెట్టవచ్చా? అంచుల్లోనే?

పెట్టవద్దు. ఈ పేజీలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే. జిగురు పెట్టిన క్షణం అది కమాను కాదు, కమానులా వంగిన ఒంటిముక్క. తప్పు ఆకారమైనా నిలుస్తుంది, పాదాలు కదిలినా పగలదు, మందం చాలకపోయినా మాట్లాడదు. మనం దేనికోసం నమూనా కడుతున్నామో ఆ సమాచారమంతా జిగురులో మునిగిపోతుంది. పొడి రాళ్ల కమాను నిజాయతీగా ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఆ అతుకునే తెరిచి చూపిస్తుంది.

ఫ్రాన్స్‌లోని పాన్ డ్యు గార్ అనే రోమన్ కాలువ వంతెనలో పెద్ద కమాను స్పాన్ 24 మీటర్ల పైమాట. ఆ కింది వరుసల రాళ్లను గారతో అతకలేదు. రెండు వేల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి.

రాళ్లు జారుతున్నాయని జిగురు అడిగితే ముఖాలకు సన్నని గరుకు కాగితం ముక్కలు అంటించమనండి. ముక్క రాయికే అంటాలి, పక్క రాయికి కాదు. అప్పుడు రాపిడి పెరుగుతుంది గానీ అతుకు తెరుచుకునే స్వేచ్ఛ పోదు.

లేజర్ కట్టర్, త్రీడీ ప్రింటర్ ఉన్నప్పుడు చేత్తో ఎందుకు?

సెంట్రింగ్ పలకలకు లేజర్ చక్కగా పనికొస్తుంది. త్రీడీ ప్రింట్ చేసిన రాళ్లు లోపల బోలుగా, ముఖాలు నున్నగా ఉంటాయి. బరువు లేదు, రాపిడి లేదు. వాడక తప్పకపోతే లోపల ఇసుక నింపండి, ముఖాలను గరుకు చేయండి.

## నిలబెట్టి, సెంట్రింగ్ దించేటప్పుడు

సెంట్రింగ్‌ను ఎలా దించాలి? ఒక్కసారిగా లాగేస్తే?

లాగితే రాపిడికి కింది రాళ్లు కూడా కదులుతాయి. సెంట్రింగ్ రెండు వైపులా సమానంగా, మిల్లీమీటరు చొప్పున దిగాలి. రెండు ఏటవాలు చెక్కముక్కలను ఒకదానిమీద ఒకటి ఎదురెదురుగా పెట్టి, వాటి మీద సెంట్రింగ్‌ను నిలపండి. ముక్కలను నెమ్మదిగా వెనక్కి జరిపితే అది కిందికి దిగుతుంది. ఇంకా మంచిది ఇసుక డబ్బా. అడుగున చిన్న రంధ్రం ఉన్న డబ్బాలో ఇసుక నింపి, దాని మీద చెక్క దిమ్మె, దిమ్మె మీద సెంట్రింగ్. బిరడా తీస్తే ఇసుక ధారగా కారుతూ సెంట్రింగ్‌ను కుదుపు లేకుండా దించుతుంది. పెద్ద రాతి వంతెనలకు కూడా ఈ పద్ధతి వాడారు.

ఆ కొన్ని సెకన్లలో గదంతా నిశ్శబ్దమవుతుంది. ముందు ఏమీ జరగదు. తర్వాత పొడి చెక్కలు ఒరుసుకున్నట్టు చిన్న టక్కుమనే శబ్దం, నెత్తి వెంట్రుకవాసి కుంగడం, ఆపైన సెంట్రింగ్‌కూ రాళ్లకూ మధ్య సన్నని వెలుతురు గీత. కమాను కూర్చుంది. ఆ గీతను విద్యార్థులు తమ కళ్లతో పట్టుకోవాలి, అందుకే అందరినీ బల్ల ఎత్తుకు వంగి చూడమంటాను.

సెంట్రింగ్ తీయగానే కూలిపోయింది. తప్పు ఎక్కడ?

ఎక్కువసార్లు మూడింట్లో ఒకటి: పాదాలు బయటికి జారడం, మందం చాలకపోవడం, ఏదో ఒక రాయి తిరగబడటం. మూడోది నమ్మశక్యంగా ఉండదు గానీ జరుగుతుంది. ఒక జట్టు కమాను వరుసగా అయిదుసార్లు కూలింది. పాదాలకు దిమ్మెలు మార్చారు, అచ్చు అనుమానించారు, ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. చివరికి రాళ్లన్నీ వరుసగా పరిచి వేలితో తడిమితే ఏడో రాయి ఒక ముఖం మిల్లీమీటరు ఏటవాలుగా ఉంది, దాన్ని ముందువెనకలు మార్చి పెడుతున్నారు. సరిగా తిప్పగానే ఆరోసారి నిలిచింది. అప్పటినుంచి ప్రతి రాయికీ అంకె, ముందు వైపుకు బాణం గుర్తు వేయించకుండా నేను నిలబెట్టనివ్వను.

పాదాలు జారిపోతుంటే ఏం చేయాలి?

తోపును ఎవరో ఒకరు తీసుకోవాలి. మూడు దారులున్నాయి. పాదాల వెనక బరువైన దిమ్మెలు పెట్టండి, అవి బట్రెస్‌లు. లేదా పాదాలను బల్లకు బిగించిన అడ్డుకట్టెకు ఆనించండి. లేదా రెండు పాదాలనూ తాడుతో కలపండి. తాడు కట్టిన కమానును విల్లుతో పోల్చితే ఎవరికైనా అర్థమవుతుంది. విల్లు విప్పారాలని చూస్తుంది, నారి దాన్ని పట్టి ఉంచుతుంది. నేల తోపును భరించలేని చోట్ల వంతెనలు ఈ పద్ధతిలోనే కడతారు. తాడు కట్టాక పాదాల కింద గుండ్రటి పెన్సిళ్లు పెట్టి మొత్తం కమానును అటూ ఇటూ దొర్లించి చూపించండి, తరగతి మరచిపోదు.

సెంట్రింగ్ లేకుండా కమాను కట్టలేమా?

ఒంటి కమానును కట్టడం కష్టం. వాల్ట్‌ను కట్టవచ్చు. వెనక గోడకు వాలుగా మొదటి వరుస ఇటుకలను ఆనించి, ప్రతి కొత్త వరుసనూ పాత వరుస మీదికి వాల్చుతూ పోతారు. బంకమట్టి ఇటుకను పట్టి ఉంచుతుంది, వరుస పూర్తికాగానే అదే కమానుగా నిలుస్తుంది. దక్షిణ ఈజిప్టు వైపున్న నూబియా ప్రాంతపు మేస్త్రీల ఈ పనితనాన్ని ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ 1940లలో ఈజిప్టులోని న్యూ గుర్నా గ్రామంలో వాడాడు. పలచని చెక్కముక్కలతో, తడి మట్టితో బల్లమీద చేసి చూడవచ్చు.

## బరువు పెట్టి, కూల్చేటప్పుడు

నెత్తి దగ్గర అతుకు తెరుచుకుంది. కమాను చెడిపోయినట్టేనా?

లేదు. పాదాలు కొద్దిగా బయటికి జరిగాయని అది చెబుతోంది. నెత్తిన అతుకు కింది వైపు, భుజాల దగ్గర పై వైపు తెరుచుకుంటుంది. తెరుచుకోని అంచు కీలులా పనిచేస్తుంది. మూడు కీళ్లతో కమాను హాయిగా నిలుస్తుంది, కొత్త స్థితికి సర్దుకుంటుంది. పగులు ప్రమాదసూచన కావచ్చు, కాకపోవచ్చు. ఎక్కడుంది, ఏ వైపు తెరుచుకుంది అన్నది చదవాలి. నాలుగో కీలు వచ్చినప్పుడు మాత్రం కమాను యంత్రంలా కదలడం మొదలుపెడుతుంది, కూలుతుంది. ఒక పాదాన్ని కావాలనే మిల్లీమీటరు చొప్పున బయటికి జరుపుతూ ఫోటోలు తీయించండి. పాత కట్టడం ముందు నిలబడినప్పుడు వాళ్లు పగుళ్లను వేరే కళ్లతో చూస్తారు.

ఎంత సన్నగా కడితే కూలుతుంది?

అర్ధవృత్తపు కమాను తన బరువును మాత్రమే మోస్తున్నప్పుడు, మధ్యరేఖ వ్యాసార్ధంలో సుమారు 10.75 శాతం మందం కనీసం ఉండాలి. ఈ అంకెను సరిగ్గా తేల్చినవాడు మిలుటిన్ మిలంకోవిచ్, 1907లో. మంచుయుగాల రాకపోకలకు భూకక్ష్య మార్పులను ముడిపెట్టిన శాస్త్రవేత్త ఆయనే. అంతకుముందు 1730లో కూప్లే అనే ఫ్రెంచి ఇంజినీరు సుమారు 10.1 శాతం అన్నాడు. కీళ్లు 45 డిగ్రీల దగ్గర వస్తాయనుకోవడం వల్ల ఆ చిన్న తేడా. నిజానికి అవి నెత్తి నుంచి 54 డిగ్రీల చుట్టుపక్కల వస్తాయి.

దీన్ని తరగతిలో చూపించే పద్ధతి నాకు చాలా ఇష్టం. మధ్యరేఖ వ్యాసార్ధం 22.5 సెంటీమీటర్లకు 10.75 శాతమంటే 2.4 సెంటీమీటర్లు. మూడు జట్లకు అదే మధ్యరేఖతో మూడు మందాలు ఇవ్వండి: 5, 3, 2 సెంటీమీటర్లు. అయిదుది బల్ల తట్టినా కదలదు. మూడుది నిలుస్తుంది, వేలు తగిలితే భయపెడుతుంది. రెండుది ఎంత ఓపికగా నిలబెట్టినా సెంట్రింగ్‌తోపాటే కిందికి వచ్చేస్తుంది. ఆ జట్టు తప్పేమీ చేయలేదని ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. మూలలు అరిగిన రాళ్లతో 3 సెంటీమీటర్లది కూడా కూలవచ్చు. మందంలో పనికొచ్చేది నిజంగా తాకుతున్న భాగమే.

బరువు ఎక్కడ పెడితే త్వరగా పడిపోతుంది? నడినెత్తినే కదా?

చాలామంది అదే అనుకుంటారు. కమానుకు కష్టమైన చోటు స్పాన్‌లో పావు దూరం దగ్గర. అక్కడ బరువు పెడితే దాని కింద కమాను కుంగుతుంది, ఎదుటి భుజం పైకి ఉబ్బుతుంది, పాదాల్లో మరో రెండు కీళ్లు చేరి నాలుగూ పూర్తవుతాయి. గొలుసుకు పావు దూరంలో బరువు తగిలించి, మారిన వంపును కమాను గీతమీద పెట్టి చూస్తే గీత ఎక్కడ రాళ్ల బయటికి పోతోందో ముందే తెలుస్తుంది. బరువు పెట్టకముందే ప్రతి విద్యార్థీ సుద్దతో తన నాలుగు కీళ్లనూ గుర్తుపెట్టాలి. ఫోనులో నెమ్మది వేగపు వీడియో తీయండి. కూలడం కంటికి అందనంత త్వరగా జరుగుతుంది.

భుజాల మీద ఎంత బరువు వేసినా మంచిదేనా?

కాదు. వేల్స్‌లోని పాంటిప్రిడ్ వంతెన కథ చెప్పండి. విలియం ఎడ్వర్డ్స్ అనే మేస్త్రీ టాఫ్ నది మీద 140 అడుగుల ఒంటి కమాను కట్టడానికి పూనుకున్నాడు. అంతకుముందు ప్రయత్నాలు పోయాక కట్టిన కమాను భుజాల బరువెక్కువై, నెత్తి తేలికై, నెత్తి పైకి లేచి కూలింది. ఆయన మళ్లీ కట్టాడు. ఈసారి ఒక్కో భుజంలో మూడేసి గుండ్రటి సొరంగాలు వదిలి బరువు తగ్గించాడు. 1756లో పూర్తయిన ఆ వంతెన నేటికీ ఉంది. నమూనాలో భుజాల మీద ఇసుక సంచులు పేర్చుతూ పోతే నెత్తిరాళ్లు పైకి లేచే క్షణం కనిపిస్తుంది.

పక్కలకు తోపు ఎంతో కొలవవచ్చా?

కొలవవచ్చు. ఒక పాదం కింద పలక, పలక కింద గుండ్రటి పెన్సిళ్లు పెట్టి, రెండు పాదాలనూ స్ప్రింగ్ త్రాసు ద్వారా తాడుతో కలపండి. బరువు స్పాన్ పొడవునా సమానంగా ఉంటే తోపు = మొత్తం బరువు × స్పాన్ ÷ (8 × ఎత్తు). 60 సెంటీమీటర్ల స్పాన్ మీద 4 కిలోలు అనుకోండి. ఎత్తు 30 అయితే తోపు 1 కిలో, 15 అయితే 2, 7.5 అయితే 4 కిలోలు. కమాను చదునవుతున్నకొద్దీ త్రాసు ముల్లు ఎలా పరిగెడుతుందో చూసినవాళ్లు తర్వాత చదును కమాను గీసేటప్పుడు చివరి గోడ గురించి తామే అడుగుతారు.

నమూనా నిలిచిందంటే అసలు కట్టడం కూడా నిలుస్తుందా?

నిలకడ విషయంలో చాలావరకు అవును, రాయి గట్టితనం విషయంలో కాదు. రాతి కమాను కూలడం ఆకారానికి సంబంధించినది. అన్ని కొలతలూ పది రెట్లు పెంచినా బరువు దిగే దారి అదే నిష్పత్తిలో ఉంటుంది. ఇంజినీరు జాక్ హేమన్ 1966లో రాతి కట్టడాలకు వివరించిన పద్ధతి కూడా మూడు ఊహల మీదే నిలబడింది: రాయి లాగుడును భరించదు, నొక్కుడుకు నలగదు, రాళ్లు ఒకదానిమీద ఒకటి జారవు. మామూలు కొలతల రాతి కట్టడాల్లో నొక్కుడు తక్కువే కాబట్టి రెండో ఊహ చెల్లుతుంది. కానీ పరిమాణం పెరిగితే బరువు ఘనంగా, దాన్ని మోసే అడ్డుకోత వర్గంగా పెరుగుతాయి. అట్టముక్కతో వంచి చేసిన నమూనా బలాన్ని చూసి పెద్ద కప్పు మందం నిర్ణయించకూడదు. గాలి, భూకంపం, నేల కుంగుబాటు కూడా బల్లమీద ఉండవు.

## కూలిన తర్వాత

కూలిపోయిన జట్టుకు మార్కులు ఎలా?

నిలవడానికి మార్కులు పెడితే అందరూ లావుగా, భద్రంగా కట్టి ఏమీ నేర్చుకోకుండా వెళ్తారు. నేను మార్కులు వేసేది కూల్చకముందు సుద్దతో పెట్టిన గుర్తులకు, కూలాక వీడియోలో కనిపించిన కీళ్లకు మధ్య తేడాను ఆ జట్టు ఎంత బాగా వివరించిందన్న దానికి. ఊహ తప్పి, కారణం సరిగా పట్టుకున్నవాళ్లకు ఎక్కువ వేస్తాను.

కమాను అర్థమైంది. వాల్ట్‌లకు, డోములకు ఎలా వెళ్లాలి?

కమానును పొడవునా సాగదీస్తే వాల్ట్, చుట్టూ తిప్పితే డోము. ఈ మాట విద్యార్థులకు తెలుసు, చేసి చూడాల్సింది గొలుసుల వల. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ డోములో పగుళ్లు వచ్చినప్పుడు ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ పొలేని డోమును పుచ్చకాయ ముక్కల్లా నిలువు చీలికలుగా ఊహించాడు. ఒక చీలికను 32 భాగాలు చేసి, వాటి బరువులకు తగినట్టు దారానికి 32 బరువులు కట్టి వేలాడదీశాడు. ఆ వంపు రాతి మందంలోనే ఇమిడింది. పగుళ్లున్నా డోము నిలుస్తుందని తేల్చి, 1748లో అచ్చయిన గ్రంథంలో ఆ బొమ్మలన్నీ ఇచ్చాడు. అదనపు ఇనుప పట్టీలు వేయమనీ చెప్పాడు.

స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడి కొలోనియా గ్యూల్ చర్చి కోసం తాళ్లతో, సీసపు గుళ్ల సంచులతో 1:10 కొలతన వేలాడే నమూనా కట్టించి, ఫోటోలు తీయించి, వాటిని తలకిందులు చేసి గీసుకున్నాడు. తరగతిలో పాత దోమతెర గుడ్డను చతురస్రంగా కోసి, నాలుగు మూలలూ కట్టి, పలచని ప్లాస్టర్ నీళ్లలో తడిపి వేలాడనివ్వండి. గట్టిపడ్డాక తిరగేస్తే మీ చేతిలో పలచని కప్పు ఉంటుంది.

ఈ నమూనాలను పారేయాలా, దాచాలా?

రాళ్లను దాచండి. అంకెలు చెరగకుండా ఒక పెట్టెలో వరుసగా పేర్చి, సెంట్రింగ్‌ను, ఆ జట్టు సుద్ద గుర్తుల ఫోటోను పక్కన పెట్టండి. తర్వాతి బ్యాచ్ మొదటి రోజు ఏ వివరణా ఇవ్వకుండా ఆ పెట్టె ఇచ్చి నిలబెట్టమనండి. గంటలో వాళ్లంతట వాళ్లే పాదాలకు అడ్డు వెతకడం మొదలుపెడతారు.